నొప్పి, నర్సు, నాలుగు గంటల గడియారం

ఆసుపత్రిలో నొప్పికి మందు రాసేది డాక్టరు. ఆ మందు వేళకు పడేలా చూడడం, పడ్డాక తగ్గిందో లేదో మళ్లీ వచ్చి అడగడం, తగ్గకపోతే డాక్టరు చెవిన వేయడం నర్సు పని. రౌండ్స్‌లో డాక్టరు ఒక్కో మంచం దగ్గర నిలబడేది కాసేపే. మిగతా పగలంతా, రాత్రంతా రోగిని కనిపెట్టుకుని ఉండేది నర్సు. అందుకే నొప్పి విషయంలో ఒక ఆసుపత్రి ఎంత మంచిదో తెలియాలంటే మందుల చీటీ చూస్తే చాలదు, రాత్రి రెండు గంటలకు ఆ వార్డులో ఏం జరుగుతోందో చూడాలి.

కృష్ణా డెల్టాలో ఈ పని జరిగే చోట్లు చాలానే ఉన్నాయి. గన్నవరం పక్కనే చినఆవుటపల్లిలో పిన్నమనేని సిద్ధార్థ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. అటు విజయవాడ ప్రభుత్వాసుపత్రి, కృష్ణ దాటితే మంగళగిరి ఎయిమ్స్, ఇంకా ముందుకెళ్తే గుంటూరు పెద్దాసుపత్రి. పదహారో నంబరు జాతీయ రహదారి మీద దెబ్బలు తగిలినవాళ్లు, పురిటికి వచ్చినవాళ్లు, షుగరు ముదిరి కాలి పుండు మాననివాళ్లు, పొలం గట్టు మీద పాము కరిచినవాళ్లు, క్యాన్సరు ముదిరినవాళ్లు వీటికి వస్తుంటారు. వీళ్లందరి నొప్పీ ఒకటి కాదు, అందరికీ పనిచేసే మందూ ఒకటి కాదు. ఈ ప్రాంతంలో నర్సు వృత్తికి పాత చరిత్రే ఉంది. అమెరికా లూథరన్ మిషన్ తరఫున 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో అక్కడ ఆడవాళ్లకు ఆసుపత్రి తెరిచారు. తెలుగు అమ్మాయిలు నర్సు పని నేర్చుకున్న తొలినాటి చోట్లలో అదొకటి.

నొప్పి అంటే ఏమిటన్నది వైద్యశాస్త్రం చాలాకాలం దెబ్బ లెక్కనే చూసింది. ఎంత దెబ్బ ఉంటే అంత నొప్పి ఉండాలన్నది ఆ లెక్క. అది తప్పని గట్టిగా చెప్పినవాళ్లలో నర్సులే ముందున్నారు. అమెరికా నర్సు మార్గో మెకాఫరీ 1968లో, తనకెంత నొప్పి ఉందో చెప్పాల్సినది రోగేననీ, ఆ మాటే ప్రమాణమనీ సూత్రీకరించింది. లండన్‌లో 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ స్థాపించిన సిసిలీ సాండర్స్ కూడా మొదట నర్సే. నడుం నొప్పి వల్ల ఆ పని మానుకుని, సామాజిక కార్యకర్తగా చేసి, తర్వాత వైద్యం చదివింది. ఒంటి నొప్పి, మనసు బాధ, ఇంటి చింత, దేవుడి మీద అలక అన్నీ కలిసి ఒకే నొప్పిగా రోగిని పట్టుకుంటాయన్న ఆలోచన ఆమెది. నొప్పి అధ్యయనానికి 1973లో ఏర్పడిన అంతర్జాతీయ సంఘం 1979లో ఇచ్చిన నిర్వచనాన్ని 2020లో సవరించింది. మాటల్లో చెప్పలేనంత మాత్రాన నొప్పి లేదనుకోరాదన్న సంగతి, నొప్పుందని చెప్పిన మనిషి మాటను గౌరవించాలన్న సంగతి ఆ సవరణలో స్పష్టంగా చేరాయి.

సలుపు, పోటు, మంట

తెలుగులో నొప్పికి ఉన్నన్ని మాటలు చూస్తే, సగం రోగనిర్ధారణ ఈ భాషలోనే ఉందనిపిస్తుంది. గడ్డ లేస్తే సలుపుతుంది. తల, చెవి, పన్ను పోటు పెడతాయి. రోజంతా నాట్లు వేసి వచ్చిన కాళ్లు పీకుతాయి. నడుము పట్టేస్తుంది, వంగితే కలుక్కుమంటుంది. కడుపులో మెలిపెడుతుంది. పుండు చురుక్కుమంటుంది. అరికాళ్లు మంటలెత్తుతాయి. చెయ్యి తిమ్మిరెక్కి చీమలు పాకినట్టుంటుంది. రోగి ఈ మాటల్లో ఏది వాడాడో అదే మాట కేస్ షీటులో ఎక్కితే డాక్టరుకు సగం దారి దొరికినట్టే. నర్సు చెవిన పడ్డ మాట రికార్డులోకి వచ్చేసరికి వట్టి 'నొప్పి' అయిపోతే ఆ సగం పోతుంది.

సలుపు అంటే వాపు, చీము, నాడి కొట్టుకున్నట్టు వచ్చిపోయే నొప్పి. ఆపరేషనైన మూడో రోజో నాలుగో రోజో రోగి 'కుట్లు సలుపుతున్నాయమ్మా' అంటే నొప్పి బిళ్ల చేతిలో పెట్టే ముందు కట్టు విప్పి చూడాలి. మెలిపెట్టే నొప్పి పేగు, మూత్రనాళం లాంటి గొట్టాల్లోంచి వస్తుంది. కిడ్నీలో రాయి కదిలినవాడు మంచం మీద ఒకచోట ఉండలేడు, దొర్లుతాడు. కడుపులో పేగుకు చిల్లు పడినవాడు అందుకు విరుద్ధంగా కదలకుండా, ముడుచుకుని, ఎవరైనా మంచం తగిలినా భయపడుతూ పడుకుంటాడు. ఈ తేడా ముందుగా కనిపించేది క్యాజువాలిటీలో ఉన్న నర్సుకే. కడుపునొప్పికి మందిస్తే జబ్బు దాగిపోతుందని ఒక పాత భయం ఉండేది. మందిచ్చాక కూడా రోగనిర్ధారణ సరిగానే జరుగుతుందని అధ్యయనాలు తేల్చాయి కాబట్టి, సర్జన్ వచ్చేదాకా రోగిని అల్లాడనివ్వాల్సిన పనిలేదు.

మంట, కరెంటు షాకు, చీమలు పాకడం, గుడ్డ తగిలినా ఓర్చుకోలేకపోవడం నరాల నొప్పి గుర్తులు. షుగరు ఎక్కువగా ఉన్న డెల్టాలో 'అరికాళ్ల మంటలు' రోజూ వినిపించే మాట. దీనికి పారాసిటమాల్, డైక్లోఫెనాక్ దాదాపు పనిచేయవు. అమిట్రిప్టిలిన్, గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ లాంటి మందులు కావాలి, అవి పనిచేయడానికీ కొన్ని రోజులు పడుతుంది. ఈ సంగతి నర్సు ముందే చెప్పకపోతే రోగి రెండు రోజులు వాడి 'ఏం గుణం లేదు' అని మానేస్తాడు.

ఇక గుండెనొప్పి. గుండెపోటు వచ్చిన మనిషి చాలాసార్లు 'నొప్పి' అనే అనడు. పట్టేసినట్టుందంటాడు, బరువు పెట్టినట్టుందంటాడు, అన్నిటికన్నా ఎక్కువగా 'గ్యాస్' అంటాడు. ఆసుపత్రి గుమ్మంలోకి వచ్చిన 10 నిమిషాల్లో ఈసీజీ తీయాలన్నది ప్రపంచమంతా పాటించే నియమం. గ్యాస్ అన్న మాట నమ్మి జెలూసిల్ ఇచ్చి కూర్చోబెడితే ఆ 10 నిమిషాలూ చేజారతాయి. ఆడవాళ్లలో, షుగరు రోగుల్లో ఛాతీనొప్పి లేకుండా వట్టి ఆయాసం, చెమటలు, నీరసంతోనే గుండెపోటు రావచ్చు.

తెలుగునాట ఆసుపత్రుల్లో మలయాళీ నర్సులు చాలామంది పనిచేస్తున్నారు. పనిలో నిపుణులైనా, సలుపుకూ పోటుకూ తేడా పట్టుకోవడం వాళ్లకు కొంతకాలం కష్టం. వార్డులో ఒక కాగితం మీద ఈ మాటలూ వాటి అర్థాలూ రాసి అతికిస్తే పెద్ద ఖర్చులేని మేలు జరుగుతుంది.

కొలవడం

ఒంటి వేడిని థర్మామీటరు చెబుతుంది, నాడిని వేలు చెబుతుంది. నొప్పిని కొలిచే పరికరం లేదు, అడగడమే కొలత. సున్నా నుంచి పది దాకా ఎంత అని అడిగే పద్ధతి అన్నిచోట్లా ఉంది. బడికెళ్లని పెద్దవాళ్లకు అది ఎక్కదు. వాళ్లతో రూపాయి లెక్క బాగా నడుస్తుంది: 'పొద్దున రూపాయి నొప్పి ఉందన్నావుగా పెద్దాయనా, ఇప్పుడెంత?' అంటే 'అర్ధరూపాయి తగ్గిందమ్మా' అని ఠక్కున చెబుతారు. పిల్లల కోసం డోనా వాంగ్ అనే నర్సు, కోనీ బేకర్ కలిసి 1983లో బొమ్మ ముఖాల పట్టీ తయారుచేశారు. నవ్వే ముఖం నుంచి ఏడ్చే ముఖం దాకా ఆరు బొమ్మలు, పిల్లవాడు తన ముఖాన్ని వేలితో చూపిస్తే చాలు. ఇంకా మాటలు రాని పిల్లలకు 1997లో వచ్చిన 'ఫ్లాక్' కొలతలో ముఖం, కాళ్లు, కదలిక, ఏడుపు, ఊరుకోబెడితే ఊరుకోవడం అనే ఐదింటికి మార్కులు వేస్తారు. వెంటిలేటరు మీదున్నవాళ్ల కోసం కెనడా నర్సు సెలీన్ జెలినాస్ 2006లో ఇలాంటిదే ఒకటి రూపొందించింది. మతిమరుపు జబ్బున్న వృద్ధులకు వేరే కొలత ఉంది. చెప్పుకోలేనివాళ్ల నొప్పికే ఎక్కువ మోసం జరుగుతుంది కాబట్టి ఈ పట్టీలు ఉన్నాయి.

కొలత ఎంత బాగున్నా అడిగే తీరు సరిగా లేకపోతే నిజం బయటికి రాదు. మధ్యాహ్నం డ్యూటీ సిస్టరు మంచం పక్కన నిలబడి 'బాగానే ఉంది కదా తాతా?' అంటే, మంచం కమ్మీ పట్టుకుని పళ్లు బిగబట్టిన తాత కూడా 'బాగానే ఉందమ్మా' అనే అంటాడు. ప్రశ్నలోనే జవాబు పెట్టేసింది కదా. 'రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చింది? పక్కకు తిరగగలుగుతున్నావా? ఒకసారి దగ్గు, చూద్దాం' అంటే అసలు సంగతి తెలుస్తుంది. మగవాళ్లు కోడలి ముందు, కొడుకు ముందు నొప్పిని ఒప్పుకోరు. 'సిస్టరమ్మని మాటిమాటికీ పిలిచి ఇబ్బంది పెట్టడం ఎందుకు' అనుకునే ఆడవాళ్లు వార్డు నిండా ఉంటారు. ఓర్పును మెచ్చుకునే సమాజంలో ఓర్పే రోగికి శిక్షవుతుంది.

అంకెను మాత్రమే నమ్ముకుంటే ఏమవుతుందో అమెరికా చూసింది. అక్కడ 1990లలో నొప్పిని ఐదో ప్రాణసూచికగా చూడాలన్న ఉద్యమం వచ్చింది. 2001లో ఆసుపత్రుల గుర్తింపు సంస్థ నొప్పి కొలతపై నియమాలు పెట్టింది. నొప్పి అంకె తగ్గించడమే లక్ష్యమైపోయి, మందుల కంపెనీల ప్రచారం తోడై, నల్లమందు జాతి మందులు విచ్చలవిడిగా ఇళ్లకు చేరాయి. ఎందరో వాటికి బానిసలై చనిపోయాక, 2018లో ఆ నియమాలు మార్చారు. మన దగ్గరి కష్టం దీనికి తలకిందులు. 2017 నాటి లాన్సెట్ కమిషన్ లెక్క ప్రకారం, భారత్‌లో అందుతున్న ఈ జాతి మందులు అవసరంలో 4 శాతమే. వాళ్ల అతి చూసి మనం భయపడి, మన కొరతను సమర్థించుకోవడం న్యాయం కాదు.

గడియారం ప్రకారం

క్యాన్సరు నొప్పికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లో మూడు మెట్ల పద్ధతి చెప్పింది. మొదటి మెట్టు పారాసిటమాల్ జాతి, రెండోది ట్రమడాల్, కోడీన్ లాంటివి, మూడోది మార్ఫిన్. 2018 మార్గదర్శకాల్లో మెట్లను కచ్చితమైన నియమంగా కాక బోధనకు పనికొచ్చే బొమ్మగా చూడమన్నారు కానీ, వాటితో వచ్చిన సూత్రాలను వదల్లేదు. వీలైనంతవరకు నోటి ద్వారానే ఇవ్వాలి, గడియారం ప్రకారం ఇవ్వాలి, మనిషిని బట్టి ఇవ్వాలి.

ఈ మూడింటిలో గడియారం మొత్తంగా నర్సుదే. మన కేస్ షీట్లలో నొప్పి మందు పక్కన ఎక్కువగా కనిపించేది 'ఎస్.ఓ.ఎస్.', అంటే అవసరమైతే అని. అవసరమని చెప్పాల్సింది రోగి, వాడు చెప్పడు. చెప్పేసరికి నొప్పి కొండెక్కి కూర్చుంటుంది, అప్పుడు దాన్ని దించడానికి ఎక్కువ మందు కావాలి. నోటి మార్ఫిన్ పనిచేసేది నాలుగు గంటలు. పొద్దున 6, 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 6, రాత్రి 10. నిద్ర చెడకుండా రాత్రి పదింటి మోతాదు రెట్టింపు ఇచ్చి తెల్లవారుజాము మోతాదు తప్పించడం వాడుకలో ఉన్న పద్ధతి. డ్యూటీ మారే మధ్యాహ్నం రెండింటికే ఒక మోతాదు పడుతుందన్నది గమనించాలి. హ్యాండోవర్‌లో ఇద్దరు సిస్టర్లూ 'నువ్విచ్చావనుకున్నా' అనుకుంటే ఆ మోతాదు తప్పిపోతుంది, సాయంత్రమంతా రోగి దానికి మూల్యం చెల్లిస్తాడు. మధ్యలో నొప్పి ఎగదన్నితే ఇవ్వడానికి రోజు మొత్తం మోతాదులో సుమారు ఆరో వంతు అదనంగా రాయించి పెట్టుకోవాలి.

ఇచ్చాక మళ్లీ అడగడం అన్నిటికన్నా ఎక్కువగా ఎగిరిపోయే మెట్టు. నరానికి ఇచ్చిన మందైతే 15 నుంచి 30 నిమిషాల్లో, బిళ్లయితే గంటలో తిరిగి వెళ్లి అడిగి రాయాలి. మందు ఇచ్చిన సమయం రికార్డులో ఉండి, దాని పక్కన తగ్గిన సంగతి లేకపోతే, ఆ రాత్రి ఏం జరిగిందో తెల్లారి వచ్చిన డాక్టరుకు తెలిసే దారి లేదు.

తగ్గకపోవడం కూడా ఒక కబురే. కాలు విరిగి కట్టు కట్టించుకున్న కుర్రాడు, మందు పడినా నొప్పి పెరుగుతోందంటే, వేళ్లు కాస్త వెనక్కి వంచినా కేక పెడుతున్నాడంటే, లోపల కండరం మీద ఒత్తిడి పెరిగి రక్తం ఆగుతోందేమోనని అనుమానించాలి. ఇంకో ఇంజెక్షను ఇచ్చి పడుకోబెడితే కొన్ని గంటల్లో కాలే పోవచ్చు. అర్ధరాత్రి డ్యూటీ డాక్టరును లేపడానికి మొహమాటపడని సిస్టరు వల్ల నిలిచిన కాళ్లు ఎన్నో ఉంటాయి. వాటి లెక్క ఎక్కడా ఉండదు.

మందు ఎంపిక డాక్టరుదైనా, ఆపాల్సిన చోట ఆపమని అడగడం నర్సు బాధ్యత. పల్లెల్లో 'నొప్పుల సూది' ఒక అలవాటు. ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ పొడిపించుకుని మర్నాడు పనిలోకి వెళ్లడం కూలీల జీవితంలో భాగం. ఇప్పటి ఎన్టీఆర్ జిల్లా ఎ.కొండూరు తండాల్లో కిడ్నీ జబ్బు ఎలా వ్యాపించిందో రాష్ట్రమంతటికీ తెలుసు. అలాంటి చోటునుంచి వచ్చిన మనిషి చేరినప్పుడు, ఇంతకుముందు ఏ బిళ్లలు ఎంతకాలం మింగాడో అడిగి రాయడం చిన్న పనిగా కనిపిస్తుంది. కిడ్నీలు దెబ్బతిన్నవారికి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ ఇంకా చెరుపు చేస్తాయి. మార్ఫిన్ కూడా ఒంట్లో పేరుకుని మత్తు ముంచుతుంది, ఫెంటానిల్ లాంటిది మేలు. పారాసిటమాల్ రోజుకు 4 గ్రాములు దాటకూడదు, బక్కపలచని వాళ్లకు అంతకన్నా తక్కువే. జ్వరానికి ఒక పేరుతో, నొప్పికి ఇంకో పేరుతో అదే మందు రెండుసార్లు పడుతోందేమో చూసేది మందుల ట్రే పట్టుకున్న చెయ్యే. ఇక పాముకాటు. అవనిగడ్డ ప్రాంతం 2018లో పాముకాట్లతో వార్తలకెక్కింది. రక్తపింజర కరిస్తే విపరీతమైన నొప్పి, వాపు, దాంతోపాటు రక్తం గడ్డకట్టకపోవడం ఉంటాయి. అలాంటి రోగికి ఆస్పిరిన్, డైక్లోఫెనాక్ ఇవ్వకూడదు, కండకు సూది పొడవకూడదు. పారాసిటమాల్, అవసరమైతే ట్రమడాల్ వరకే వెళ్లాలి. కంగారులో చేతికందిన నొప్పి ఇంజెక్షను పొడిచే అలవాటు ఇక్కడ ప్రాణం మీదికి తెస్తుంది.

తాళం వేసిన అల్మారా

భారతదేశం చట్టబద్ధంగా నల్లమందు పండించే దేశం. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో లైసెన్సు మీద సాగవుతుంది. ఇక్కడ పండిన పంట విదేశాల నొప్పి మందులకూ వెళ్తుంది. ఇక్కడి రోగికి మాత్రం నల్లమందు నుంచే తీసే మార్ఫిన్ అందలేదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద పెట్టిన నిబంధనల వల్ల, ఒక్కో ఆసుపత్రి అనేక లైసెన్సులు తెచ్చుకోవాల్సి వచ్చేది. ఒకటి వచ్చేసరికి ఇంకోదాని గడువు తీరేది. దేశంలో మార్ఫిన్ వాడకం 97 శాతం పడిపోయి 1997 నాటికి 18 కిలోలకు చేరింది. కేరళ డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ వంటివారి దీర్ఘకాల పోరాటం తర్వాత 2014లో చట్టం సవరించారు. 2015 నిబంధనలతో మార్ఫిన్, ఫెంటానిల్, మెథడోన్ సహా ఆరు మందులు అత్యవసర జాబితాలో చేరాయి. గుర్తింపు పొందిన ఆసుపత్రికి రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ అనుమతి ఒక్కటే చాలు.

చట్టం మారి పదేళ్లు దాటినా భయం మారలేదు. మార్ఫిన్ అల్మారాకు రెండు తాళాలు, రిజిస్టరు, రెండు సంతకాలు, ఖాళీ ఆంప్యూళ్ల లెక్క, ఇవన్నీ నర్సు మెడకే. ఒక బిళ్ల లెక్క తప్పితే సంజాయిషీ తనదే కాబట్టి, ఆ అల్మారా తెరవకుండా ఉంటేనే హాయి అనిపించడం సహజం. దానికి తోడు 'అలవాటు పడిపోతాడేమో', 'ఊపిరి ఆగిపోతుందేమో' అన్న రెండు భయాలు ఉంటాయి. నొప్పి గురించి నర్సులకున్న అవగాహన కొలవడానికి బెట్టీ ఫెరెల్, మెకాఫరీ 1987లో తయారుచేసిన ప్రశ్నావళిని ఎన్నో దేశాల్లో వాడారు. ఎక్కువ తప్పులు పోయేది ఈ రెండు భయాలకు సంబంధించిన ప్రశ్నల దగ్గరే. నొప్పికి సరైన మోతాదులో వాడే క్యాన్సరు రోగి వ్యసనపరుడవడం అరుదు. చాలాకాలం వాడాక మందు ఒక్కసారిగా ఆపితే ఒళ్లు తిరగబడడం వేరు, మందు కోసం వెంపర్లాడే వ్యసనం వేరు. ఊపిరి సంగతికొస్తే, మందు మోతాదు మించితే ఊపిరి మందగించే ముందు మత్తు వస్తుంది. పిలిస్తే కళ్లు తెరిచి మాట్లాడుతూ మధ్యలో నిద్రలోకి జారిపోతుంటే అప్పుడే మోతాదు ఆపి డాక్టరుకు చెప్పాలి. విరుగుడు నలాక్సోన్ వార్డులో ఉండాలి. నిద్రమత్తునూ శ్వాసనూ గంటగంటకూ చూసే నర్సు ఉన్నచోట మార్ఫిన్ భయపడాల్సిన మందు కాదు.

అందరూ మరిచిపోయేది మలబద్ధకం. మార్ఫిన్ మొదలైన రోజే విరేచనాల మందు మొదలవ్వాలి. వాంతులు, మత్తు కొద్దిరోజుల్లో తగ్గుతాయి, మలబద్ధకం తగ్గదు. ఐదు రోజులు విరేచనం కాక, ఆ బాధకు మార్ఫినే మానేసిన రోగులుంటారు. 'మోషన్ అయిందా?' అన్న ప్రశ్న నొప్పి వైద్యంలో భాగమే.

మార్ఫిన్ రాసే అధికారం నర్సుకు మన దేశంలో లేదు. ఉగాండా 2004లోనే ప్రత్యేక శిక్షణ పొందిన నర్సులకు ఆ అధికారం ఇచ్చింది. డాక్టర్లు అందని పల్లెల్లో సీసాలో పోసిన మార్ఫిన్ ద్రావణం నర్సుల చేతుల మీదుగా ఇళ్లకు చేరుతోంది. బ్రిటన్‌లో అదనపు అర్హత పొందిన నర్సులు 2012 నుంచి ఇలాంటి మందులూ రాయగలుగుతున్నారు. మన దగ్గర 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో కొత్త కమిషన్ చట్టం వచ్చింది. పాలియేటివ్, అంటే నయం కాని జబ్బులో బాధ తగ్గించే సేవలో శిక్షణ పొందిన నర్సుకు, డాక్టరు గీసిన హద్దులో మోతాదు పెంచి తగ్గించే వీలైనా కల్పించడం గురించి ఆలోచించడానికి ఇది తగిన సమయం.

చేతి వైద్యం

దెబ్బ తగిలిన చోట రుద్దుకోవడం పుట్టుకతో వచ్చిన తెలివి. దానికి శాస్త్రీయ వివరణ 1965లో మెల్జాక్, వాల్ చెప్పిన గేటు సిద్ధాంతంతో వచ్చింది. స్పర్శ, ఒత్తిడి మోసుకొచ్చే నరాల సందడికి వెన్నుపాములో నొప్పి దారి కొంత మూసుకుంటుంది. కాపడం, చల్లని గుడ్డ, నూనెతో మర్దన ఇవన్నీ ఆ గేటును తాకేవే. ఆ మాటకొస్తే తలనొప్పి వస్తే తెలుగువాడి చెయ్యి పోయే పసుపు సీసా కూడా అంతే. కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. ఆ డబ్బుతోనే తర్వాత ఆంధ్రపత్రిక నడిపారు. ఇంటి నుంచి తెచ్చుకున్న అలాంటి సీసాను దిండు కింద దాచుకునే రోగిని కసరాల్సిన పనిలేదు, పుండు మీద, కళ్ల దగ్గర రాయొద్దని చెబితే చాలు. కాపడంలో ఒక జాగ్రత్త ఉంది. షుగరుతో స్పర్శ పోయిన కాళ్లకు వేడి తెలియదు, బొబ్బలు లేస్తాయి. ఫెంటానిల్ పట్టీ అతికించిన చోట వేడి తగిలితే మందు ఒక్కసారిగా ఒంట్లోకి దిగుతుంది.

నర్సు తగ్గించే నొప్పితో పాటు నర్సు చేతి వల్ల కలిగే నొప్పీ ఉంది. క్యాన్యులా, రక్తం తీయడం, కాలిన గాయాల కట్లు అలాంటివి. కట్టు మార్చే అరగంట ముందు మందు పడాలి, అంటుకున్న గాజుగుడ్డను సెలైనుతో తడిపి నాననివ్వాలి. పిల్లల టీకా సూదికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పినవి ఏ ఉపకేంద్రంలోనైనా పాటించగలిగేవే. బిడ్డను పడుకోబెట్టి నొక్కిపట్టకుండా తల్లి ఒళ్లో ఉంచాలి, చనుబాలు తాగుతుండగా ఇవ్వాలి, ఎక్కువ నొప్పించే టీకా చివర వేయాలి, పొడిచాక పిస్టను వెనక్కి లాగి చూడకూడదు.

పురుడు, సిజేరియన్

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. ఆ సంఖ్యలు తగ్గాలన్నది వేరే చర్చ. నొప్పి వైపు నుంచి చూస్తే తెలుగునాట అత్యధికంగా కనిపించే ఆపరేషన్ నొప్పి ఇదే. పైగా ఈ రోగికి మర్నాటి నుంచే ఇంకో ప్రాణాన్ని ఎత్తుకుని పాలివ్వాల్సిన పని ఉంటుంది.

రెండో రోజు పొద్దున బాలింతను లేపడం చూస్తే మంచి నర్సు పనితనం తెలుస్తుంది. లేపే ముప్పావుగంట ముందే బిళ్లలు పడి ఉంటాయి. దుప్పటి మడత పెట్టి పొట్టకు అదుముకోమంటుంది. వెల్లకిలా ఉన్న మనిషిని నేరుగా లేపకుండా ముందు పక్కకు తిప్పి, మోకాళ్లు ముడిపించి, కాళ్లు మంచం కిందికి జార్చి, మోచేతి మీద బరువు ఆనించి కూర్చోబెడుతుంది. 'కళ్లు తిరుగుతున్నాయామ్మా? కాసేపు కూర్చో, తొందరేం లేదు' అంటుంది. దగ్గొస్తే దుప్పటి గట్టిగా పట్టుకోమంటుంది. పక్కకు పడుకుని పాలివ్వడం చూపిస్తుంది. మందు తీసుకుంటే పాలు చెడతాయని అత్తగారు అడ్డుపడితే, పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ బాలింతకు పరవాలేదని ఆవిడకే నెమ్మదిగా చెబుతుంది. నొప్పికి భయపడి కదలకుండా పడుకున్న బాలింతకు కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పుంది, కాబట్టి ఈ లేపడం మొత్తం వైద్యమే.

నడుముకిచ్చిన మత్తుసూది వల్లే జీవితాంతం నడుంనొప్పి వచ్చిందన్నది ఇంటింటా వినిపించే మాట. దీర్ఘకాల నడుంనొప్పికి ఆ సూది కారణమని అధ్యయనాల్లో తేలలేదు. ఆ సూది నుంచి నిజంగా రాగలిగేది తలనొప్పి. కూర్చుంటే విరుచుకుపడి పడుకుంటే తగ్గడం దాని గుర్తు, దాన్ని వెంటనే మత్తు డాక్టరుకు చెప్పాలి.

పురిటి నొప్పుల దగ్గర 'ఓర్చుకో' అన్న మాటతో సరిపెట్టడం, కొన్నిచోట్ల అరిచినందుకు కసరడం కూడా జరుగుతున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 సిఫారసుల్లో, పురుడు పోసుకునే మనిషి పక్కన తనకు నచ్చిన తోడు ఉండనివ్వడం, నడవనివ్వడం, నచ్చిన భంగిమలో ఉండనివ్వడం, నడుము మర్దన ఉన్నాయి. వీటిలో దేనికీ డబ్బు అక్కర్లేదు, తల్లినో వదిననో లోపలికి రానిచ్చే మనసుంటే చాలు.

మందు అందని నొప్పి

ముదిరిన క్యాన్సరు రోగి రాత్రిళ్లు ఎక్కువ మూలుగుతాడు. పగలు చుట్టాలుంటారు, రాత్రి అప్పు, పెళ్లికెదిగిన కూతురు, తన తర్వాత పొలం సంగతి మనసులో మెదులుతాయి. అవి పోటును పెంచుతాయి. సాండర్స్ చెప్పిన కలగలుపు నొప్పి ఇదే. దిండు పక్కన దుర్గమ్మ కుంకుమ, గుణదల మాత బొమ్మ, పెద్దఆవుటపల్లి జోసెఫ్ తంబి పటం కనిపిస్తే అవేమిటని అడగడం మాట కలపడానికి మంచి దారి. గుణదల తిరునాళ్ల రోజైన ఫిబ్రవరి 11నే 1993 నుంచి కతోలిక లోకం రోగుల దినంగా పాటిస్తోంది. 'ఎప్పుడు మొక్కుకున్నారమ్మా?' అన్న మాటతో కదిలిన సంభాషణలో, రెండు రోజులుగా డాక్టరుకు చెప్పని నొప్పి బయటపడడం నర్సులకు తెలిసిన విషయమే.

ఇదంతా చేయడానికి మనుషులు కావాలి. బోధనాసుపత్రుల్లో ముగ్గురు రోగులకు ఒక నర్సు, మిగతా ఆసుపత్రుల్లో ఐదుగురికి ఒకరు అన్నది నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. రాత్రి డ్యూటీలో వార్డు మొత్తానికి ఒకరిద్దరున్న చోట, గంటకోసారి తిరిగి అడగమని రాసే నియమం కాగితం మీదే ఉండిపోతుంది. టీపీఆర్ చార్టులో వేడి, నాడి, శ్వాసల పక్కన నొప్పికి ఒక గడి గీయడం సులువే. ఆ గడి నిజంగా నిండాలంటే పోస్టులు నింపాలి. నర్సు బాధ్యత గురించి మాట్లాడుతూ ఈ సంగతి వదిలేసేవారి మాటకు విలువ ఇవ్వనక్కర్లేదు.

ఇంటికి

జాతీయ పాలియేటివ్ కార్యక్రమం 2012లో వచ్చింది. 2018లో మొదలైన ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య కేంద్రాల పన్నెండు సేవల్లో పాలియేటివ్ సేవ ఒకటి. కేరళలో వారం వారం ఇంటికొచ్చే నర్సే ఈ వ్యవస్థకు వెన్నెముక. హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి పాలియేటివ్ విభాగం, 2011లో మొదలైన స్పర్శ్ హాస్పిస్, తెలంగాణ జిల్లా కేంద్రాల హోమ్‌కేర్ బండ్లు అదే దారిలో నడుస్తున్నాయి. ఆంధ్రప్రదేశ్ గ్రామ ఆరోగ్య కేంద్రాల్లో బీఎస్సీ నర్సింగ్ చదివిన మధ్యస్థాయి ఆరోగ్య సిబ్బంది (ఎంఎల్‌హెచ్‌పీలు) ఉన్నారు. గన్నవరం చుట్టుపక్కల పల్లెలో క్యాన్సరు రోగికి ఇంటి దగ్గర దిక్కు కాగలిగినవాళ్లు వీళ్లే. మార్ఫిన్ శిక్షణ, దగ్గర్లోని గుర్తింపు పొందిన ఆసుపత్రితో ఫోను సంబంధం రెండూ ఉంటే, ఒక్క బిళ్ల కోసం గుంటూరు, హైదరాబాద్ బస్సెక్కే బాధ తప్పుతుంది.

డిశ్చార్జి రోజు నర్సు చేసే చివరి పని ఇంట్లో చూసుకునే మనిషికి నేర్పడం. ఒక కాగితం మీద గడియారం బొమ్మలు గీసి, ఏ ముల్లు ఎక్కడుంటే ఏ బిళ్లో చూపిస్తుంది. చూసుకునే కూతురు చేత తిరిగి చెప్పిస్తుంది. విరేచనాల మందు మర్చిపోవద్దంటుంది. నొప్పి ఎగదన్నితే ఎంత ఇవ్వాలో, ఎన్నిసార్లు దాటితే ఫోను చేయాలో రాసిస్తుంది. పిలిచినా లేవకపోతే తర్వాతి బిళ్ల ఇవ్వొద్దని చెబుతుంది. మందు డబ్బా పిల్లలకు అందకుండా పైన పెట్టమంటుంది. మనిషి పోయాక మిగిలిన మార్ఫిన్ బిళ్లల్ని, వాడని పట్టీల్ని ఎవరికీ ఇవ్వకుండా ఆసుపత్రికి తెచ్చి అప్పగించమని కూడా ఆ రోజే చెప్పాలి. అప్పగించినవాటిని కుటుంబసభ్యుల ఎదుటే లెక్కపెట్టి, ఇద్దరి సంతకాలతో రిజిస్టరులో ఎక్కించాక ఆ రోగి పేరు మీద తెరిచిన ఖాతా ముగుస్తుంది.